డిక్కీ తెరవమంటే తెరవాలా? అత్తగారి నిద్రమాత్రలు చూసి కేసంటే భయపడాలా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్తే. మాది హిందూపురం దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు కె.ఆర్. పురంలో. పోయిన ఆదివారం ఊరి నుంచి కారులో తిరిగొస్తుంటే రాత్రి పదకొండు దాటాక రింగ్ రోడ్డు మీద ఒకచోట పోలీసులు ఆపారు. కారులో నేను, నా భార్య, మా అత్తగారు ఉన్నాం. సీటు బెల్టు పెట్టుకునే ఉన్నాను, తాగే అలవాటు లేదు. లైసెన్సు, ఆర్‌సీ చూపించాను. ఏపీ నంబరు చూసి "డిక్కీ ఓపెన్ మాడి" అన్నారు. బియ్యం మూట, బుడ్డల సంచి, ఆవకాయ జాడీ అన్నీ కింద పెట్టించారు. తర్వాత నా భార్య హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెదికారు. ఆడ పోలీసు ఎవరూ లేరు. అందులో మా అత్తగారికి డాక్టరు రాసిన అల్ప్రాజోలం మాత్రలు రెండు షీట్లు దొరికాయి. చీటీ ఇంట్లో ఉంది. "ఇది డ్రగ్స్ కేసు, ఎన్‌డీపీఎస్, బెయిల్ కూడా రాదు" అన్నారు. నా ఫోన్ అన్‌లాక్ చేయించి వాట్సాప్, ఫోన్‌పే చూశారు. అత్తగారు ఏడుపు అందుకున్నారు. పదివేలు అడిగి, చివరికి మూడు వేలకు ఒప్పుకుని, పక్కనున్న టీ అంగడి క్యూఆర్ కోడ్‌కి కొట్టించారు. రసీదు లేదు, చలానా లేదు. వాళ్ళ పేర్లు చూసే ధైర్యం కూడా రాలేదు.

మా ఆఫీసులో ఒక ఫ్రెండ్ "వారంట్ ఏదని అడగాల్సింది, సెర్చ్‌కి ఒప్పుకోనని చెప్పాల్సింది" అంటున్నాడు. నిజంగా అలా అనొచ్చా? ఆ మాత్రలు దగ్గర పెట్టుకోవడం నేరమా? డబ్బు సంగతి ఎవరికైనా చెబితే తిరిగి మా మెడకే చుట్టుకుంటుందా?

- ఓ పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

సమాధానం:

నమస్తే అండీ. మీ ఆఖరి ప్రశ్నను ముందు తీసుకుంటాను. దానికి గడువుంది.

అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించినప్పుడు లంచం ఇవ్వడాన్ని కూడా నేరం చేశారు. బలవంతం మీద ఇచ్చినవాళ్ళకు మాత్రం ఒక దారి వదిలారు. ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో, దర్యాప్తు సంస్థకో ఆ సంగతి చెబితే ఆ నేరం వాళ్ళకు అంటదు. మీరు డబ్బు కొట్టింది ఆదివారం రాత్రి, మీ ఉత్తరం నాకు అందింది మంగళవారం. అందుకే ఇక్కడ వేసేదాకా ఆగకుండా ఈ భాగం వరకు మీకు ఆ రోజే మెయిల్ చేశాను. మిగతా పాఠకుల కోసం మళ్ళీ రాస్తున్నాను.

ఎవరికి చెప్పాలి? కర్ణాటకలో 2016లో పెట్టిన ఏసీబీని (అవినీతి నిరోధక విభాగాన్ని) 2022 ఆగస్టులో హైకోర్టు రద్దు చేసింది. అప్పటి నుంచి లంచం కేసులు మళ్ళీ లోకాయుక్త పోలీసులవే. వాళ్ళ ఆఫీసు విధానసౌధ దగ్గర ఎంఎస్ బిల్డింగులో ఉంది. అక్కడ ఒక ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీ ఆ ప్రాంతం డీసీపీకి, ఇన్‌ఫెంట్రీ రోడ్డులోని కమిషనర్ ఆఫీసుకు పంపండి. కన్నడ రాయడం రాదని వెనకాడకండి, ఇంగ్లీషులో ఒక పేజీ చాలు. తేదీ, సమయం, ఆపిన చోటు, ఎంతమంది ఉన్నారు, ఏ రంగు యూనిఫాం, జీపు ఉంటే గుర్తున్నంత వరకు దాని వివరం రాయండి. అన్నిటికంటే ముఖ్యం ఫోన్‌పే లావాదేవీ నంబరు, ఆ క్యూఆర్ కోడ్ ఏ పేరు చూపించిందో ఆ పేరు. ఆ చుట్టుపక్కల సీసీ కెమెరాల ఫుటేజీని భద్రపరచమని ఫిర్యాదులోనే అడగండి. చాలాచోట్ల అది కొన్నాళ్ళకే చెరిగిపోతుంది. టీ అంగడికి మీరే వెళ్ళి "ఆ డబ్బు ఎవరికిచ్చావు" అని గొడవ పడొద్దు. అది దర్యాప్తు చేసేవాళ్ళ పని. పేర్లు చూడలేదన్నారు కదా, అసలు వాళ్ళు నిజం పోలీసులో కాదో కూడా మనకు ఖాయంగా తెలియదు. అది తేల్చడానికైనా ఫిర్యాదు కావాలి.

తిరిగి మీ మెడకు చుట్టుకుంటుందా అంటే, నా అభిప్రాయంలో చెప్పకపోతేనే ప్రమాదం ఎక్కువ. గడువు దాటాక మీరు కాగితం మీద లంచం ఇచ్చిన మనిషిగా మిగులుతారు, బలవంతం అన్న మాటకు బలం తగ్గుతుంది. యూపీఐలో కొట్టించుకోవడం వాళ్ళు చేసిన తెలివితక్కువ పని, మీకు మాత్రం మంచి సాక్ష్యం. 2022 డిసెంబర్‌లో మాన్యతా టెక్ పార్క్ వైపు అర్ధరాత్రి నడిచి ఇంటికి వెళ్తున్న ఒక జంటను ఇద్దరు పోలీసులు ఆపి, పదకొండు దాటాక రోడ్డు మీద తిరగకూడదని లేని రూలు చెప్పి, పేటీఎం క్యూఆర్ కోడ్‌కి వెయ్యి రూపాయలు కొట్టించుకున్నారు. ఆ భర్త ట్విట్టర్‌లో రాశాడు, డీసీపీ ఆ ఇద్దరినీ సస్పెండ్ చేశారు. అన్నిసార్లూ అంత త్వరగా జరుగుతుందని నేను మాటివ్వలేను. కానీ ఆధారం చేతిలో ఉన్నప్పుడు పై అధికారులు దాన్ని పక్కన పడేయడం కష్టం.

ఇక మాత్రల సంగతి. ఇందులో వాళ్ళు సగం నిజం చెప్పి మిగతా సగంతో బెదిరించారు. అల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం, జాబితాలో ఉన్నమాట నిజమే. ఆ చట్టం గంజాయి, హెరాయిన్‌ల గురించే అనుకుంటాం గానీ, నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు రాసే మందులు కొన్ని కూడా అందులో ఉన్నాయి. చీటీ లేకుండా కొని మత్తుకు వాడేవాళ్ళు ఉండటంతో పోలీసులు వీటి పేర్లు గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి "ఇవెవరివి, ఎవరు రాశారు" అని అడగడం తప్పు కాదు.

అయితే అదే చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల్లో 66వది చదవాలి. సొంత వైద్యానికి ఒక మనిషి ఇలాంటి మందు ఒకసారికి 100 డోసుల వరకు దగ్గర పెట్టుకోవచ్చు. దీర్ఘకాలం వాడాల్సిన రోగికి డాక్టరు ప్రత్యేకంగా రాసిస్తే 300 దాకా ఉంచుకోవచ్చు. మీ అత్తగారి దగ్గరున్నవి రెండు షీట్లు. షీటుకు పదేసి అనుకున్నా ఇరవై. "బెయిల్ కూడా రాదు" అన్నది ఇంకా పచ్చి బెదిరింపు. ఆ చట్టంలో బెయిల్‌ను బాగా కఠినం చేసే 37వ సెక్షన్ ప్రధానంగా వాణిజ్య పరిమాణంలో సరుకు పట్టుబడినవాళ్ళకు. అల్ప్రాజోలంకు వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. 5 గ్రాముల వరకు చిన్న పరిమాణమే. మాత్రలో ఉండే మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. పెద్దావిడ నిద్రమాత్రలు ఆ లెక్కకు ఏ మూలకు సరిపోతాయి?

చీటీ ఇంట్లో ఉండిపోవడం నేరం కాదు. కానీ రాత్రిపూట రోడ్డు మీద దాన్ని నిరూపించే మార్గం మీ దగ్గర లేకపోవడమే వాళ్ళకు పనికొచ్చింది. మందులు విడిగా సంచిలో పడేయకుండా షాపు బిల్లు, చీటీతో కలిపి ఒకే కవర్లో ఉంచండి. చీటీ ఫొటో మీ ఫోన్లో, మీ భార్య ఫోన్లో కూడా పెట్టుకోండి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేనిదే షాపువాడు అమ్మకూడదు. కాబట్టి మీరు కొన్న షాపులో కూడా రికార్డు ఉండాలి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా. అమెరికాలో డ్రైవర్ కిటికీ అంగుళం దించి "ఐ డోంట్ కన్సెంట్" అనే వీడియోలు మన కుర్రాళ్ళ ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అక్కడ ఆ మాటకు విలువ ఉంది. అక్రమంగా వెదికితే దొరికిన వస్తువును కోర్టు చాలావరకు పక్కన పెట్టేస్తుంది. మన దగ్గర చట్టం వేరు. 1974లో పూరణ్‌మల్ కేసులో సుప్రీంకోర్టు, వెదికిన పద్ధతి తప్పైనా దొరికింది కేసుకు సంబంధించినదే అయితే సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. ఆ దారే ఇప్పటికీ నడుస్తోంది. అంటే "నేను ఒప్పుకోను" అన్న మాట ఇక్కడ కవచంలా పనిచేయదు. పైగా ఆ మాట అని డిక్కీకి అడ్డం నిలబడితే, ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకమని భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 221వ సెక్షన్ పెట్టొచ్చు. చెయ్యి తగిలితే 132, అది రెండేళ్ళ దాకా శిక్ష పడే నేరం. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 172వ సెక్షన్ ప్రకారం, పోలీసుల చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించిన మనిషిని కాసేపు ఆపి ఉంచే అధికారం కూడా వాళ్ళకుంది.

అలాగని మనకేమీ లేదని కాదు. రోడ్డు మీద మనకున్న బలం ఎక్కువగా అడగడంలోనూ, నమోదు చేయించడంలోనూ ఉంది. ఎవరు వెదుకుతున్నారు, ఏ అనుమానం మీద, ఎవరి ఎదుట, ఏం దొరికింది - ఈ నాలుగూ కాగితం మీదో కెమెరాలోనో ఉండాలని చట్టమే కోరుతుంది. నకిలీ సెర్చ్ చేసేవాళ్ళు భయపడేది దానికే.

ముందు మిమ్మల్ని ఆపింది ఎవరో గమనించాలి. తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు అయితే ట్రాఫిక్ పోలీసులు. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు వంటి కాగితాలు చూపించాలి, దానికి తిరుగులేదు. తాగి నడిపారేమో చూడటానికి ఊదమంటే ఊదాలి. 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. కానీ ఆ చట్టంలో మీ బియ్యం మూట విప్పించే అధికారం ఎక్కడా లేదు. పూర్తి ఖాకీలో హొయ్సళ గస్తీ జీపుతో వచ్చేవాళ్ళు లా అండ్ ఆర్డర్ పోలీసులు. దొంగతనం, ఆయుధాలు, డ్రగ్స్ వంటి వాటిపై అనుమానం ఉంటే వాళ్ళు బండి వెదకొచ్చు. ఊరికే కాదు, సహేతుకమైన అనుమానం ఉండాలి. ఏపీ నంబరు అన్నది అనుమానం కాదు. అదే అనుమానమైతే మారతహళ్ళిలో సగం బళ్ళు స్టేషన్లోనే ఉండాలి.

ఏ తప్పూ చేయని బండిని ఆపడంపై కూడా ఒక సంగతి ఉంది. 2022 జూన్‌లో అప్పటి డీజీపీ ప్రవీణ్ సూద్, కంటికి కనిపించే ట్రాఫిక్ తప్పు చేస్తే తప్ప కేవలం కాగితాలు చూడటానికి ఏ బండినీ ఆపకూడదని, తాగి నడపడం ఒక్కటే మినహాయింపని బహిరంగంగా చెప్పారు. 2025 మే నెలలో మండ్యలో ట్రాఫిక్ తనిఖీ దగ్గర బైకు మీద నుంచి పడి ఒక చిన్నపాప చనిపోయాక డీజీపీ సలీం మళ్ళీ ఆదేశాలిచ్చారు. ఊరికే ఆపొద్దు, బండికి హఠాత్తుగా అడ్డం దూకొద్దు, తాళం లాక్కోవద్దు అని. ఇవి శాఖాపరమైన ఆదేశాలు. వీటిని చూపించి ఆగకుండా వెళ్ళిపోవడానికి లేదు. ఆపమంటే ఆపండి. తర్వాత ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం ఈ రెండింటినీ తప్పక ప్రస్తావించండి, పై అధికారి దగ్గర వాటికి బరువుంటుంది.

డ్రగ్స్ అనుమానంతో వెదికితే పద్ధతి ఇంకా గట్టిగా ఉంటుంది. రోడ్డు మీద ఉన్నా సొంత కారు పబ్లిక్ ప్లేస్ కిందికి రాదని 2021లో సుప్రీంకోర్టు బూటా సింగ్ కేసులో చెప్పింది. అంటే ఎన్‌డీపీఎస్ 42వ సెక్షన్ పాటించాలి. కానిస్టేబుల్ హోదాలో ఉన్నవాళ్ళు ఆ సెక్షన్ కింద వెదకలేరు, అంతకు పైవాళ్ళై, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్ళై ఉండాలి. సమాచారం వస్తే ముందు రాసుకోవాలి. సూర్యాస్తమయం తర్వాత వారంట్ లేకుండా వెదికితే ఎందుకు ఆగలేకపోయారో కారణం రాయాలి. దాని కాపీ 72 గంటల్లో పై అధికారికి పంపాలి. బూటా సింగ్ కేసులో ఇదేదీ చేయనందుకే నిందితులు విడుదలయ్యారు. మీ విషయంలో రాత్రి పదకొండు దాటింది, ఎవరూ ఏమీ రాసుకోలేదు. ఇంకో సంగతి, సరైన అనుమానం లేకుండా వేధించడానికి వెదికిన అధికారికి ఆ చట్టంలోని 58వ సెక్షనే ఆరు నెలల దాకా జైలు పెట్టింది. ఆ సెక్షన్ ఉందని చాలామంది ఎస్సైలకే గుర్తుండదు.

మీ భార్య హ్యాండ్‌బ్యాగు గురించి నేరుగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది తప్పు సలహా ఇస్తారు. ఆడమనిషి ఒంటిని వెదకాలంటే ఆడమనిషే, అదీ మర్యాదగా వెదకాలి. ఇది నాగరిక సురక్షా సంహితలో స్పష్టంగా ఉంది. డ్రగ్స్ కోసం ఎవరి ఒంటిని వెదకాలన్నా గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట జరగాలని అడిగే హక్కు ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్ ఇస్తుంది, ఆ హక్కు ఉందని ముందుగా చెప్పాల్సింది కూడా పోలీసే. కానీ చేతిలోని బ్యాగు ఒంటిలో భాగం కాదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బ్యాగు విషయంలో ఆ సెక్షన్ పేరెత్తితే పనిచేయదు. "లేడీ కానిస్టేబుల్‌ని పిలవండి సార్" అని అడగొచ్చు, అడగాలి కూడా. రాలేదనుకోండి, బ్యాగు వాళ్ళ చేతికి ఇవ్వకుండా మీ భార్యే బానెట్ మీద పెట్టి, తనే జిప్పు తీసి, ఒక్కొక్క వస్తువూ తీసి చూపించడం మంచిది. డిక్కీలోని సంచులకూ ఇదే పద్ధతి. మీరు దిగి దగ్గర నిలబడండి, లోపలి లైటు వేయండి, మూటలు మీరే విప్పండి. వేరేవాళ్ళ చెయ్యి లోపలికి వెళ్ళే అవసరం తగ్గితే లేనిది పుట్టుకొచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

ఆ సమయంలో ఒకరు ఫోన్లో రికార్డు చేయండి. బహిరంగ రోడ్డు మీద పోలీసు విధిని వీడియో తీయకూడదని ఏ చట్టమూ లేదు. మొహం మీద పెట్టి రెచ్చగొట్టకుండా, రెండడుగులు వెనక నిలబడి తీస్తే చాలు. "మీరు తీయకండి" అంటే, "సార్, కొత్త చట్టంలో సెర్చ్‌ను మీరే వీడియో తీయాలని ఉంది కదా, మీరు తీస్తే నేను ఆపేస్తాను" అనండి. నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ వెదకడాన్నీ, స్వాధీనం చేసుకోవడాన్నీ ఆడియో వీడియోలో, వీలైతే మొబైల్ ఫోన్‌తోనే తీసి మెజిస్ట్రేటుకు పంపాలంటోంది. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులకు ఒంటి మీద పెట్టుకునే కెమెరాలు కూడా ఇచ్చారు. నిజంగా ఏదైనా స్వాధీనం చేసుకుంటే మహజరు (పంచనామా) రాయాలి, సాక్షుల సంతకాలు ఉండాలి, జాబితా కాపీ మీకివ్వాలి. ఖాళీ కాగితం మీద గానీ, మీకు చదవడం రాని కన్నడ కాగితం మీద గానీ గుడ్డిగా సంతకం పెట్టకండి. ఏం రాశారో చదివి వినిపించమని అడిగి, సంతకం కింద "నాకు కన్నడ చదవడం రాదు" అని తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయండి.

ఫోన్ మాత్రం వేరే సంగతి. డిక్కీ దగ్గర కాస్త సర్దుకుపోమని చెప్పిన నేను ఫోన్ దగ్గర ఆ మాట చెప్పను. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్ళ ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో 'గంజాయి' అని వెదికిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అదే ఏడాది మార్చిలో కర్ణాటక హైకోర్టు ఫోన్ల తనిఖీ మీద వివరంగా తీర్పిచ్చింది. దర్యాప్తులో ఉన్న కేసులో కూడా పాస్‌వర్డ్ ఇవ్వమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని, ఇవ్వకపోతే కోర్టుకు వెళ్ళి సెర్చ్ వారంట్ తెచ్చుకోవాలని చెప్పింది. కేసే లేని మీ ఫోన్‌ను రోడ్డు పక్కన తెరిపించడానికి ఆధారమేముంది? "సార్, ఫోన్‌కి కోర్టు ఆర్డర్ కావాలి, కేసు రాసి నోటీసివ్వండి, వస్తాను" అని నెమ్మదిగా అని ఊరుకోండి. మీ ఫ్రెండ్ చెప్పిన వారంట్ అన్న మాట ఇక్కడైతే అతుకుతుంది. ఫోన్ తెరిచి ఇచ్చినప్పుడు వాళ్ళు ఫోన్‌పేలో చూసింది డ్రగ్స్ లావాదేవీలు అనుకోకండి. మీ ఖాతాలో ఎంతుందో చూసి ఉంటారు, బేరం ఎక్కడ మొదలెట్టాలో తెలియడానికి.

కాగితాల గురించి క్లుప్తంగా. డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న లైసెన్సు, ఆర్‌సీ అసలు కాగితాలతో సమానం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వది ఆ మాట చెబుతోంది. యాప్ తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకుంటే రసీదు అడగండి. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకున్న లైసెన్సుకు తాత్కాలిక రసీదు ఇచ్చి తీరాలి. జరిమానా అంటే మెషిన్ నుంచి వచ్చే చలానా మాత్రమే. తప్పు ఒప్పుకోకపోతే నోటీసు తీసుకుని కోర్టులో చెప్పుకోవచ్చు, ఒప్పుకుంటే తర్వాత ఆన్‌లైన్‌లోనో బెంగళూరు వన్ కేంద్రంలోనో కట్టొచ్చు. టీ అంగడి క్యూఆర్ కోడ్‌కి వెళ్ళే జరిమానా ఈ రాష్ట్రంలో లేదు.

మళ్ళీ ఇలాంటిది ఎదురైతే, "స్టేషన్‌కి పదండి" అన్న మాటకు బెదరకండి. చాలామంది డబ్బిచ్చేది ఆ మాటకే. "పదండి సార్, అక్కడే రాసుకోండి" అని, 112కి ఫోన్ చేసి మిమ్మల్ని ఎక్కడ ఆపారో, ఏ స్టేషన్‌కి తీసుకెళ్తున్నారో చెప్పండి. ఆ కాల్ రికార్డవుతుంది. నిజంగా కేసున్నవాళ్ళు తీసుకెళ్తారు, లేనివాళ్ళు చాలాసార్లు అక్కడికక్కడే "సరే హోగి" అని వదిలేస్తారు. అరెస్టు అంటే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు తెలపాలి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి, విచారణ సమయంలో వకీలును కలవనివ్వాలి. మీ భార్యనో అత్తగారినో రాత్రిపూట అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, ముందుగా మెజిస్ట్రేటు అనుమతి ఉండాలి. అత్తగారికి ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి, టెన్షన్ కాస్త తగ్గుతుంది.

ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఈ లెక్కలు కొన్ని మారతాయి. అప్పుడు ఫ్లయింగ్ స్క్వాడ్‌లు, చెక్‌పోస్టుల దగ్గర నిఘా బృందాలు డిక్కీలు తెరిపించడం ఎన్నికల సంఘం పెట్టిన ఏర్పాటే, వీడియో కూడా తీస్తారు. కొడికొండ చెక్‌పోస్టు మీదుగా ఊరికి వెళ్ళేటప్పుడు 50,000 దాటి నగదు ఉంటే బ్యాంకు కాగితమో, పంట అమ్మిన చీటీయో దగ్గర పెట్టుకోండి. స్వాధీనం చేసుకుంటే జిల్లాలో ఉండే కమిటీకి ఆధారాలు చూపించి వెనక్కి తీసుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ మీ ఉత్తరంలో నాకు తగిలిన ఇంకో విషయం, ఆ ఏపీ నంబరు. ఉద్యోగం, ఇల్లు బెంగళూరులో అంటున్నారు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. మీ కారు అంతకాలంగా ఇక్కడే ఉంటే ఈ ఒక్క విషయంలో వాళ్ళకు నిజంగానే పట్టు ఉంది. ఆర్‌టీఓ వాళ్ళు ఆపితే నేను రాసిన పై సెక్షన్లేవీ అక్కరకు రావు. బండి రిజిస్టరైన ఆర్‌టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని ఇక్కడ టాక్స్ కట్టండి, అక్కడ కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్‌కు దరఖాస్తు పెట్టండి. కారు మీద బ్యాంకు లోన్ ఉంటే ఎన్‌ఓసీకి ముందు బ్యాంకు అంగీకార పత్రం కావాలి. పని మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.